ఎడమచేతి ఇల్లు

ఇళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "మీ తలుపులు ఎటు తెరుచుకోవాలండీ?" అని.

అడిగినావిడ అక్కడ డిజైన్లు చూస్తుంది. ఇంచుమించు నా వయసే. కళ్లజోడు నెత్తిమీదకి తోసేసుకుని, అదెక్కడ పెట్టానా అని మధ్యమధ్య బల్లంతా తడుముకునేది. ఆవిడ ముందున్న పెద్ద తెర మీద ఇంకా పుట్టని మా ఇల్లు నీలిగీతల్లో మెల్లగా తిరుగుతోంది. జవాబు చెప్పాల్సింది మా ఆయన. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, అద్దాల గోడ అవతలికి చూస్తున్నారు.

అవతల షెడ్డులో ఒక పెద్ద ఇనపచెయ్యి ఎవరిదో గోడ కడుతోంది. చెక్క తీసుకుంటుంది, ఉండాల్సిన చోట పెడుతుంది, మేకు దింపుతుంది, ఇంకో చెక్క తీసుకుంటుంది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. అద్దం మందంగా ఉండడంవల్ల చప్పుడు కూడా లేదు.

"ఏమండీ, ఆవిడ అడుగుతున్నారు."

"గోడ లేచాక చూద్దాం," అన్నారు అటే చూస్తూ.

ఆవిడ నవ్వింది. "మా దగ్గర గోడ లేచాక చూడ్డానికేం ఉండదండీ. స్విచ్చుల కన్నాలూ, కుళాయి గొట్టాలూ, తలుపులు తిరిగే బందులూ అన్నీ గోడతోపాటే వచ్చేస్తాయి. మీరెలా చెబితే అలా చేస్తుంది మిషను, కాదనదు. కానీ ముందే చెప్పాలి. ఈ నెలాఖరుకి ఖాయం చేసుకోవాలి. ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా మారదు."

మా ఆయన వడ్రంగి. ఆయన పనిలో 'చూద్దాం' అనేది బద్ధకం మాట కాదు. గుమ్మం నిలబెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి, ఇంటివాళ్లని అందులోంచి ఒకసారి నడిచి రమ్మనేవారు. నడిచేటప్పుడు వాళ్ల చెయ్యి తనంతట తాను ఎటు పోతుందో చూసేవారు. అప్పుడు చెవి మీద పెన్సిల్ తీసి బందులెక్కడో గుర్తు పెట్టేవారు. మా ఇల్లు కూడా అలాగే ఒక్కో గుమ్మం నిలబెట్టి, నన్ను నడిపించి చూసి కడతానని పెళ్లయిన కొత్తలో అన్నారు. మంచి చెక్క కంటపడినప్పుడల్లా ఒక పలక తెచ్చి దాచేవారు. పలకలు పెరిగాయి గానీ ఇల్లు లేవలేదు.

చలికాలంలో ఒక పొద్దున రంపం ఆయన చేతిలోంచి జారి కిందపడింది. వంగి తీసుకోబోతే చెయ్యి మాట వినలేదు. పక్షవాతం అన్నారు. మాట వారం తిరక్కుండా వచ్చేసింది. కాలు కొద్దిగా ఈడుస్తూ వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. అదే చలికాలంలో మా పాతింటి కప్పు కూడా ఇక నావల్ల కాదన్నట్టు ఒక మూల కుంగిపోయింది. ఆయన అక్క, మా వదిన, తన మేడమీద గది ఖాళీ చేసి ఇచ్చింది. వానలు పడేలోపు మాకొక ఇల్లు కావాలి. కట్టాల్సిన మనిషి చేతిలో రబ్బరు బంతి పెట్టుకుని కూర్చున్నాడు.

అలా ఆ ఎండాకాలం ఇల్లు గీసే పని నామీద పడింది. డిగ్రీలో నేను లెక్కలు చదివాను. ఆ చదువు అప్పటిదాకా దుప్పటి నాలుగు మూలలూ సమానంగా మడవడానికే పనికొచ్చింది.

* * *

వదిన మేడగదిలో ప్రతిదీ కుడిచేతివాళ్ల కోసమే ఉందని నాకు అంతకుముందు తెలియదు. ఆవిడ ఇంట్లోనే కాదు, ఎవరింట్లోనైనా అంతేనేమో. దీపం స్విచ్ గుమ్మానికి కుడివైపు. మంచినీళ్ల గూడు కుడివైపు. స్నానాలగదిలో కుళాయీ, తువ్వాలు తగిలించే కడ్డీ, తలుపు గడియా అన్నీ అటే. ఆయన దీపం వెయ్యాలంటే గోడకి ఎదురుగా తిరిగి, ఎడమచేతిని ఛాతీ మీదుగా చాపి, గోడంతా తడమాలి. స్నానాలగది గడియ బిగువుగా ఉండేది, ఎడమచేతికి లొంగేది కాదు. గడియ వేసుకోలేక, లోపల ఉన్నంతసేపూ దగ్గుతూ ఉండేవారు, మనిషున్నాడని తెలియడానికి. ఆ దగ్గు వినపడగానే వదిన కింద రేడియో సౌండు పెంచేది.

రోజూ పొద్దున చేతికి కసరత్తు చేయించే ఆయన వచ్చేవాడు. వేళ్లు ఒక్కొక్కటీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచేవాడు. "వస్తుందని చెప్పలేను, రాదనీ చెప్పలేను," అనేవాడు. "దాని పని దానికి అప్పజెబుతూ ఉండండి. బంతి పట్టుకోండి, గ్లాసు పట్టుకోండి. పట్టు జారితే జారనివ్వండి. పనిలేదని తెలిస్తే చెయ్యి అసలే మొండికేస్తుంది."

కసరత్తు చేయించే ఆయన వెళ్లాక నేను కొలతల టేపు తీశాను. అది మా ఆయన పెట్టెలోదే.

"ఏమండీ, ఆ పై అరలో గ్లాసు కాస్త అందుకోండి."

అందుకున్నారు. చెయ్యి ఎంత ఎత్తుకి తేలిగ్గా లేచిందో, ఎక్కడ మునివేళ్ల మీద లేవాల్సొచ్చిందో చూసుకున్నాను.

"ఆ తువ్వాలు?"

తీశారు.

"ఒకసారి కిటికీ రెక్క లాగండి."

లాగబోయి ఆగిపోయారు. "ఏంటోయ్, పొద్దున్నే సర్కస్ చేయిస్తున్నావు?"

"ఇల్లు గీయాలిగా."

"నడిపించి, చెయ్యి ఎటు పోతోందో చూస్తున్నావు. నా విద్య నామీదే ప్రయోగమా?"

నవ్వుతూనే అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. భుజం నుంచి వేలి కొస దాకా, నడుం నుంచి నేల దాకా కొలిచాను. ఎడమవైపు కొలతలన్నీ అయ్యాక టేపు చుట్టేశాను. ఆయన ఇంకా అలాగే నిలబడి ఉన్నారు, రెండోవైపు కూడా కొలుస్తాననుకున్నట్టు. తర్వాత వెళ్లి మంచం మీద కూర్చుని బంతి అందుకున్నారు.

* * *

ఫ్యాక్టరీకి తర్వాత నేనొక్కదాన్నే వెళ్లాను.

"మొత్తం ఎడమచేతికేనా?" అంది డిజైన్ ఆవిడ.

"మొత్తం."

"వంటిల్లు కూడానా? వండేది మీరు కదండీ?"

"మంచినీళ్లకి ఆయన ఎవర్నీ పిలవక్కర్లేకుండా ఉండాలి."

ఆవిడ ఏదో నొక్కింది. తెరమీద ఇల్లు ఒక్కసారి పల్టీ కొట్టి, కుడి ఎడమలు మార్చుకుని నిలబడింది. అంతే. నేను ఆ పనికి ఎన్ని రోజులు పడుతుందో, ఎంత బతిమాలాలో అనుకుంటూ వెళ్లాను.

"మిషనుకి తేడా ఏముందండీ? కుడైనా ఎడమైనా దానికొకటే," అంది ఆవిడ. "ఇన్నేళ్లలో ఇలా అడిగింది మీరే. ఏదైనా మార్చుకోవచ్చంటే మొదట్లో అందరూ సంబరపడిపోతారు. గుండ్రటి గది కావాలంటారు, చెట్టు లోపలే ఉండాలంటారు. రెండు వారాలు తిరిగేసరికి, పక్కవీధి వాళ్లు ఏం పెట్టించారో మాకూ అదే పెట్టెయ్యండి అంటారు."

అయితే ఇల్లు పల్టీ కొట్టినప్పుడు తిరగకూడనివి కూడా తిరిగాయి. పొద్దుటెండ వంటింట్లోంచి స్నానాలగదిలోకి పోయింది. మా కిటికీ సరిగ్గా పక్కింటి కిటికీ ఎదుటకి వచ్చింది. కూర్చుని ఒక్కొక్కటీ సరిచేయించాను. కుళాయి తల ఎటు తిరగాలి, గడియ ఎంత తేలిగ్గా జరగాలి, గోడ వెంట పట్టుకునే కడ్డీ ఎక్కడ మొదలవ్వాలి. మధ్యాహ్నాలు ఆవిడ తన టీ నాకు సగం పోసి ఇచ్చేది. నిజం చెప్పాలంటే ఆ రోజులు నాకు బాగున్నాయి. నా జీవితంలో ఏ వస్తువుతోనైనా సర్దుకుపోవడమే తప్ప, ఇది ఇలా ఉండాలి అని చెబితే అలాగే అయిన సందర్భం అంతకుముందు లేదు.

గీసిన ఇంటిని ఫోనులో పెట్టి ఇచ్చింది. ఫోను పట్టుకుని అడుగులేస్తే గదుల్లో తిరిగినట్టే ఉంటుంది. ఆ సాయంత్రం వదిన దాన్ని ముందు తను లాక్కుంది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ ఇంట్లోకి వెళ్తున్నాన్రా. చెప్పులు విప్పాలా?"

"పరవాలేదు, తొక్కెయ్," అన్నారు మా ఆయన.

వదిన ఫోను ముఖం ముందు పెట్టుకుని గదంతా తిరిగింది. కుర్చీకి గుద్దుకుంది. "బాగుందే. వెలుతురు బాగుంది. స్విచ్ ఏదే అమ్మాయ్? ఓహో, ఇటా. కుళాయి... ఇదీ ఇటే. గడియ కూడా ఇటేనా? ఇదేంటే, ఇల్లంతా అద్దంలో చూసినట్టుంది..."

అని, తనే ఆగిపోయింది. నన్ను చూసి, తమ్ముణ్ని చూసి, ఫోను ఆయన పక్కన పెట్టి, స్టవ్ మీద ఏదో ఉందంటూ కిందకి దిగింది. స్టవ్ మీద ఏమీ లేదు. ఆ పూట వంట నేనే చేసి కట్టేసి వచ్చాను.

ఆయన ఫోను ఒళ్లో పెట్టుకుని, ఎడమ బొటనవేలితో ఒక్కో గదిలోకీ వెళ్లారు. తొందరపడలేదు. ఎవరైనా కట్టిన ఇంటిని చూడ్డానికి వెళ్తే ఎలా చూస్తారో అలాగే చూశారు.

"శ్రద్ధగా చేశావు," అన్నారు.

"మీకు వీలుగా ఉండాలని."

"కుడివైపు ఏమీ పెట్టలేదేం?"

వదిన గుద్దుకున్న కుర్చీని నేను మళ్లీ దాని చోటికి జరిపాను.

"పొద్దున వచ్చే ఆయన ఏమన్నాడు? దాని పని దానికి అప్పజెప్పమన్నాడా లేదా? నువ్వు దానికి ఇల్లు మొత్తంలో పనే లేకుండా చేశావు."

"వచ్చాక ఏముంది, ఎటువైపు ఉన్నా వాడుకోవచ్చు."

"వచ్చాక," అన్నారు.

"రాకపోతే?"

ఆ మాట నేను ఎప్పుడూ బయటికి అనలేదు. ఆయన కూడా అనలేదు. అది గదిలో పడ్డాక ఇద్దరం దానివైపు చూడకుండా కూర్చున్నాం.

"స్నానాలగదిలో దగ్గుతూ ఉంటారా ఎల్లకాలం?" అన్నాను, గొంతు తగ్గించి.

"దగ్గుతాను." ఆయన గొంతు పెరగలేదు. "నా పనివాడు ఒకడు జ్వరమొచ్చి పడుకున్నాడనుకో. వాడొస్తాడో రాడో తెలీదు. అయినా వాడి ఉలి, వాడి సుత్తి వాడి చోటే ఉంచుతాం. తీసి ఎవరికో ఇచ్చెయ్యం. నువ్వు వాడి చోటు గోడతో సహా తీసేశావు."

కింద రేడియో మోగుతోంది. బాగా గట్టిగా.

* * *

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదని కాదు. మందు వేసుకున్నారా అంటే ఊఁ అనేవారు. చొక్కా బొత్తాలు పెడుతుంటే గడ్డం పైకెత్తి నిలబడేవారు, ఎప్పట్లాగే. కానీ 'చూద్దాం' అనడం మానేశారు. ఏది అడిగినా "నీ ఇష్టం" అనేవారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట నేను వినని మాట అది.

నెలాఖరున డిజైన్ ఆవిడ ఫోన్ చేసింది. "ఖాయం చేసెయ్యమంటారా?"

ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. వినపడే దూరమే. నేను కొంచెంసేపు ఫోను చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. ఆయన తల తిప్పలేదు. స్నానాలగది తలుపు నాకు ఎదురుగా ఉంది.

"చేసెయ్యండి," అన్నాను.

మూడు నాలుగు రోజుల తర్వాత నేను బజారు నుంచి వచ్చేసరికి గదిలో ఆయన లేరు. చొక్కా లేదు. చెప్పులు లేవు. పక్షవాతం వచ్చాక ఒంటరిగా వీధి మొగ దాటని మనిషి. వదిన మెట్ల మీదే కూలబడిపోయింది. "నేను రేడియో పెట్టుకుని చచ్చానే, మెట్లు దిగిన చప్పుడు వినపళ్లేదు," అని ఒకటే గోల. నేను చెప్పులు తొడుక్కుంటుంటే ఫోన్ మోగింది.

"కంగారుపడకండి," అంది డిజైన్ ఆవిడ. "మీ ఆయన ఇక్కడున్నారు. బస్సులో వచ్చారట. మీరొకసారి వస్తే బాగుంటుంది. నావల్ల కావట్లేదు."

వెళ్లేసరికి ఆయన అద్దాల గోడ ముందు నిలబడి ఉన్నారు. చొక్కా బొత్తాలు ఒకటి ఎక్కువై, ఒకటి తక్కువై, వంకరగా పెట్టుకున్నారు. తనంతట తను పెట్టుకున్నవి. నేను సరిచెయ్యలేదు.

"చూశావా?" అన్నారు, నేను ఎప్పట్నుంచో పక్కనే ఉన్నట్టు. "దానికీ ఒకటే చెయ్యి."

చూశాను. ఇనపచెయ్యి ఒక చెక్కని బల్లమీద పెట్టింది. బల్ల అంచుల్లోంచి నాలుగు దవడలు లేచి చెక్కని గట్టిగా కరిచిపట్టుకున్నాయి. అప్పుడు చెయ్యి కోసింది.

"పనంతా ఆ చెయ్యే చేస్తుందనుకుంటాం. సగం పని పట్టుకునే బల్లది," అన్నారు.

డిజైన్ ఆవిడ కళ్లజోడు కోసం నెత్తి తడుముకుంటూ వచ్చింది. "మీరైనా చెప్పండి. గోడలన్నీ అయిపోయాయి, పడకగది ముందుగోడ ఒక్కటే ఇంకా బల్ల ఎక్కలేదు, మార్చగలిగితే అదొక్కటే. దానికి తలుపు వద్దంటున్నారు. ఖాళీగా వదిలేయమంటున్నారు. ఇందులో ఖాళీ అనేదే లేదండీ. తలుపైనా ఉండాలి, గోడైనా ఉండాలి."

"కన్నం అని రాసుకోండమ్మా," అన్నారు ఆయన.

"కన్నం అంటే ఒప్పుకోదు. పొరపాటు అనుకుని పూడ్చేస్తుంది."

"తెలివైందే."

"వచ్చినప్పట్నుంచీ ఇదే వరస," అంది ఆవిడ నాతో. కోపంగా అనలేదు.

నేను తెర ముందు కూర్చున్నాను. అన్నాళ్లు తిరిగాను కాబట్టి అందులో ఏవేం ఉంటాయో నాకూ తెలుసు. "కిటికీ పెట్టండి," అన్నాను. "నేల దాకా కిటికీ. అద్దం లేకుండా, చట్రం లేకుండా."

ఆవిడ పెట్టి చూసింది. మిషను ఒప్పుకుంది.

"అంటే పడగ్గదిలోకి కిటికీలోంచి వెళ్తారా?" అంది ఆవిడ.

"దొంగల్లాగా," అన్నారు మా ఆయన.

ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వు విని చాలా రోజులైంది. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు.

"తలుపు నేను చేస్తాను," అన్నారు కాసేపటికి.

ఎలా చేస్తారని నోటిదాకా వచ్చింది. బస్సు టికెట్లు సగానికి మడిచి, మళ్లీ మడిచి, సంచిలో పెట్టుకున్నాను.

* * *

పొద్దున లారీలు వచ్చాయి, సాయంత్రానికి మా స్థలంలో ఇల్లుంది. వీధి వీధంతా కుర్చీలు వేసుకుని మరీ చూశారు. "అట్టపెట్టె మడతలు విప్పినట్టు విప్పేశారే," అంటూ వదిన ప్రతి గోడనీ వేలితో కొట్టి చూసింది. గోడలు గోడల్లాగే పలికాయి.

పనివాళ్లు వెళ్లాక, చీకటి పడుతుండగా, మా ఆయన గుమ్మంలో అడుగుపెట్టారు. నేను వెనకే ఉన్నాను. ఆయన ఏమీ ఆలోచించలేదు, వెతకలేదు. నడుస్తూ నడుస్తూ ఎడమచెయ్యి తనంతట తాను లేచింది. అది లేచిన చోట స్విచ్ ఉంది. గది వెలిగింది.

ఆయన ఆగిపోయారు. దీపం ఆర్పారు. మళ్లీ వేశారు.

"బాగుంది," అన్నారు.

ఆ మాటలో ఉన్నది మెప్పో మరొకటో నాకు వెనకనుంచి తెలియలేదు. నేను ముందుకెళ్లి ఆయన ముఖం చూడలేదు.

స్నానాలగదిలో గడియ పడిన చప్పుడు ఆ రాత్రి మొదటిసారి విన్నాను. దగ్గు వినపడలేదు. అది చాలు అనుకున్నాను. నా సంగతి వేరే. వారం తిరిగేసరికి నా కుడిమోచేయి గోడలకి తగిలి తగిలి కమిలిపోయింది. చీకట్లో స్విచ్ కోసం ఒట్టిగోడ తడిమేదాన్ని. కుళాయి ఉందనుకున్న చోట గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని. నేను గీసిన ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా తిరిగాను. ఆయన చూసి ఒకరోజు అన్నారు, "ఇప్పుడు తెలిసిందా?" అని. ఎద్దేవాగా కాదు. మందు రాయమన్నట్టు మోచేతికేసి చూపిస్తూ.

పడకగది కన్నానికి పాత దుప్పటి కట్టాం.

* * *

వదిన పెరట్లో రేకుల కింద దాచిన పలకలన్నీ తెప్పించారు. ఇల్లంతటికీ అనుకుని ఏళ్ల తరబడి పోగుచేసిన చెక్క అది. పురుగు తిన్నవీ, వంగిపోయినవీ తీసేస్తే ఒక్క తలుపుకి సరిపోయేంత మిగిలింది. ఆయన ఒక్కో పలకా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

పని వరండాలో మొదలైంది. చెక్కని కరిచిపట్టే బిగింపులు రెండు కొనుక్కొచ్చాను. అవి పట్టుకోలేనివి నేను పట్టుకోవాలి.

"నువ్వు బల్లవి," అన్నారు. "బల్ల మాట్లాడదు, బల్ల కదలదు."

"బల్లకి నడుం నొప్పి పుడుతుంది."

"బల్లకి ఇంత నోరుండదు."

రంపం ఎడమచేత్తో మెల్లగా వచ్చింది. చెక్క నునుపు చేసే చిత్రిక రాలేదు. చిత్రిక పట్టాలంటే ఒక చెయ్యి వెనకనుంచి తొయ్యాలి, ఇంకోటి ముందు నుంచి అదిమి దారి చూపించాలి. ఎడమచేత్తో ఒక్కటే తోస్తే అది పక్కకి జారి చెక్కని గీరేసింది. ఒక పూటంతా ప్రయత్నించి పక్కన పెట్టేశారు. మర్నాడు నాతో ఒక పాత తువ్వాలు చింపించారు. కుడి అరచేతిని చిత్రిక ముందు పిడిమీద పెట్టి, వేళ్లు ముడిచి, కట్టమన్నారు.

"నొప్పి పుడుతుందేమో?"

"పుడితే మంచిదే. కట్టు. ఊరికే ఇంట్లో కూర్చోబెట్టి ఏం లాభం? దాన్నీ పనిలోకి తీసుకుపోతాను."

కట్టాను. ఎడమచెయ్యి తోసింది, కుడిచెయ్యి దానితోపాటు వెళ్లింది. మొదటి పొట్టు చుట్టలు తిరుగుతూ లేచి నా పాదాల మీద పడింది. నేను చెక్కని పట్టుకోవడం మర్చిపోయి ఆ కుడిచేతినే చూస్తున్నాను. పలక జరిగింది. చిత్రిక అంచు లోపలికి దిగి ఒక గంటు పడింది.

"బల్ల కదిలింది," అన్నారు.

ఆ గంటు పూడ్చలేదు. ఇప్పటికీ ఉంది.

ఎండలు ముదిరి, గాలి ఆగిపోయి, ఆకాశం మసకబారిన రోజుల్లో తలుపు తయారైంది. తీరా చూస్తే ఒక తలుపు కాదు, నిలువునా రెండు రెక్కలు. మా పడకగది గుమ్మం పెద్దదేం కాదు. రెండు రెక్కలు పెడితే ఒక్కోటీ సన్నగా, మనిషి పక్కకి తిరిగి వెళ్లేంత ఉంది.

"పడగ్గదికి కోటతలుపులేంట్రా?" అంది వదిన. "లోపల ఏం దాచుకున్నారు?"

ఆయన పళ్లతో ఒక మేకు పట్టుకుని ఉన్నారు. రెండు రెక్కలకీ రెండు ఇత్తడి పిడులు బిగించారు. బిగించే ముందు, దుప్పటి తీసేసి, వెనక్కి జరిగి, "ఒకసారి నడువ్," అన్నారు నాతో.

నడిచాను. నా కుడిచెయ్యి తనంతట తాను లేచింది. ఆయన చూశారు. చెవి మీద పెన్సిల్ తీసి గుర్తు పెట్టారు. ఇల్లంతా ఆయన చేతి ఎత్తుకి ఉంది. ఆ కుడి పిడి ఒక్కటి నా చేతి ఎత్తుకి ఉంది.

అయినా మర్నాడు గది తుడవడానికి నేను రెండు రెక్కలూ బార్లా తెరవబోతే, "కుడిది నువ్వు తియ్యకు," అన్నారు.

"మరి?"

"దాని పని దానికి."

వానలు వచ్చాయి. రెక్కలు ఉబ్బి ఒకదాన్నొకటి ఒరుసుకుంటే మళ్లీ కట్టు కట్టించుకుని చిత్రిక పట్టారు. అప్పట్నుంచి మేమిద్దరం ఎడమ రెక్క సందులోంచే పక్కకి తిరిగి వెళ్తున్నాం, వస్తున్నాం. పరుపు తెచ్చిన రోజు కూడా దాన్ని మడిచి, తోసి, ఆ సందులోంచే ఎక్కించాం. ఎడమ పిడి చేతులు పడీపడీ బంగారంలా మెరుస్తోంది. కుడి పిడి మసకబారింది. వానలు వెనకబట్టి ఎండ కాశాక దాని మీద సన్నగా దుమ్ము చేరింది.

నేను రోజూ ఇల్లంతా తుడుస్తాను. కిటికీ ఊచలూ, స్విచ్చులూ, గోడ కడ్డీ, ఎడమ రెక్కా, ఎడమ పిడీ. కుడి రెక్క చెక్క వరకూ తుడిచి, పిడి దగ్గరకి వచ్చేసరికి గుడ్డ పక్కకి తీసేస్తాను. వంగి ఒకసారి చూస్తాను. ఆయన కుడిచెయ్యి పడి దుమ్ము చెదిరిందా లేదా అని. నేనలా చూస్తానని ఎవరికీ తెలియదనుకున్నాను.

ఒకరోజు వదిన వచ్చింది. ఇల్లంతా తిరిగి, నా వంటింట్లో రెండుసార్లు తప్పు స్విచ్ నొక్కి, పడకగది ముందు ఆగింది.

"ఏంటే, గాజు గ్లాసు రెండుసార్లు కడిగే మనిషివి, నీ ఇంట్లో ఈ పిడి చూడు ఎలా ఉందో," అంటూ చేతిగుడ్డ తీసింది.

"ఉండనివ్వండి వదినా," అన్నాను.

"ఉండనీ అక్కా," అన్నారు ఆయన గదిలోంచి.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. వదిన చెయ్యి గుడ్డతో సహా గాల్లో ఆగిపోయింది. నన్ను చూసింది, తలుపు సందులోంచి తమ్ముణ్ని చూసింది. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది.

లోపల రబ్బరు బంతి నేల మీద పడింది. దొర్లుకుంటూ వెళ్లి మంచం కోడుకి తగిలి ఆగింది. ఆయన వంగి దాన్ని ఎడమచేత్తో తీసి, కుడిచేతిలో పెట్టుకోవడం తలుపు సందులోంచి కనిపించింది.